శనివారపు పగడాలు

మొన్న పోస్టులో ఒక చిన్న పుస్తకం వచ్చింది. పగడపు దిబ్బల మీద పరిశోధన చేసే పిల్లల కోసం అచ్చువేసిన చేతిపుస్తకం. నా పాత శిష్యురాలు ఒకతె పంపింది. పడవల్లో తీరానికి చేరిన పగడపు ముక్క తనంతట తాను చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిందా, బతికుండగా కోసుకొచ్చినదా అని తేల్చే పద్ధతి అందులో ఒక పేజీ నిండా రాశారు. రాయి మీద తట్టి వినాలట. గోటితో గీరి చూడాలట. వేడినీళ్లు పోసి వాసన పట్టాలట. ఆఖరున చీల్చి లోపల చూడాలట. కింద లావుపాటి అక్షరాల్లో ఒక హెచ్చరిక: నమూనాలను ఎట్టి పరిస్థితిలోనూ నోటికి తగలనీయరాదు. అది చదివి నేను నవ్విన నవ్వుకు పక్కగదిలో ఉన్న కోడలు, నాకేమైందోనని పరిగెత్తుకొచ్చింది. ఏం చెప్పను ఆ పిల్లకు? ఈ పద్ధతంతా ఒక నాలుక మీద పుట్టిందనీ, ఆ నాలుక లాల్‌దర్వాజాలో మా కిరాయి ఇంటి వసారాలో కూర్చునే మా నాయినమ్మ మల్లవ్వదనీ చెబితే నమ్ముతుందా? నమ్మకపోతే మానె. రాసి పెడుతున్నాను.

మా ఇల్లు మహంకాళి గుడికి నాలుగు సందుల అవతల ఉండేది. రెండు అర్రలు, ముందు వసారా, ఇంకో ముగ్గురు కిరాయిదార్లతో కలిసి వాడుకునే నల్లా. బాపు, అదే మా నాన్న, బస్సు డిపోలో మెకానిక్కు. ఎన్నిసార్లు సబ్బు పెట్టి కడుక్కున్నా ఆయన చేతులకు గ్రీజు వాసన పోయేది కాదు. పొయ్యి దగ్గర అమ్మ ఉడికించే పుంటికూర పులుపు ఇంకో వాసన. వీటన్నిటినీ మించింది గోనెసంచుల వాసన. బేగంబజార్లో హకీములకు కావలసిన సరుకులు టోకున అమ్మే సేటు ఒకాయన నెలకు రెండుసార్లు రిక్షాలో మా ఇంటికి సంచులు పంపేవాడు. వాటి నిండా దక్షిణాది సముద్రం నుంచి వచ్చిన తెల్ల పగడపు కొమ్మలు. హకీములు వాటిని కాల్చి భస్మం చేసి గుండెదడకూ ఎముకల బలానికీ ఇచ్చేవారు. సముద్రం ఎట్లా ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు, మీరాలం చెరువే మాకు పెద్ద నీళ్లు. కానీ సముద్రం వాసన మాత్రం మా పరుపుల్లో కూడా ఉండేది.

ఆ కొమ్మల్ని రెండు కుప్పలు చేయడం నాయినమ్మ పని. ‘ఒడ్డుది’ ఒక కుప్ప, ‘కోసింది’ ఒక కుప్ప. అలలకు అరిగి ఒడ్డున పడ్డ దానిలో సత్తువ పోతుందనీ, సముద్రం అడుగు నుంచి కోసుకొచ్చిన దానిలోనే మందు ఉంటుందనీ హకీముల నమ్మకం. రెండూ ఎండి తెల్లబడ్డాక మామూలు కంటికి తేడా తెలియదు. నాయినమ్మ ముక్కను చేతిలోకి తీసుకుని రోటి అంచుకు ఒకసారి కొట్టి, బొటనవేలి గోటితో ఒకసారి గీరి, చివరకు నాలుక కొసతో తాకి ఏదో ఒక కుప్పలో పడేసేది. ఒడ్డుది ఉత్త ఉప్పగా ఉంటుంది, కోసినదానికి ఉప్పు వెనకాల చిన్న చేదు ఉంటుంది అనేది. నేను ఆరేళ్ల పిల్లనప్పటి నుంచి పక్కన కూర్చుని నాకేదాన్ని. నా నాలుకకు ఉప్పు తెలిసేది గానీ ఆ చేదు అందడానికి చాలా ఏండ్లు పట్టింది.

ఆమె ఈ పని శనివారమే చేసేది. దానికో కారణం ఉంది. శనివారం నాయినమ్మకు ఒక్కపొద్దు. నీసు సరే, ఉల్లిగడ్డ కూడా ముట్టదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ రోజు తంబాకు వేసుకోదు. మిగతా ఆరు రోజులూ చెంపలో తంబాకు ఉండే నోటికి ఏ చేదూ తెలియదు కదా, అందుకని దేవుడి కోసం కడిగిన నోటినే సేటు పనికీ వాడుకునేది. ఒక్క రోజుతో రెండు పనులు. కాకపోతే తంబాకు లేని మల్లవ్వతో వేగడం మా తరం అయ్యేది కాదు. శనివారం పొద్దున్నే బాపు డ్యూటీ లేకపోయినా డిపోకు పోయేవాడు. నల్లా దగ్గర కిరాయిదార్ల కొట్లాటలు కూడా ఆ రోజు ఉండేవి కావు. మల్లవ్వ లేచి వస్తుందని భయం.

నాయినమ్మ దృష్టిలో అవి సముద్రపు చెట్లు. కొమ్మలున్నాయి, వేరుంది, చెట్టు కాక మరేమిటి? నేను కాలేజీలో జంతుశాస్త్రం తీసుకున్న మొదటి ఏడాది పాఠంలో ఆ చెట్టు గుట్టు తెలిసింది. పగడం చెట్టు కాదు, రాయి కాదు. ఆవగింజంత జీవాలు వేలకు వేలు కలిసి ఒకదాని మీద ఒకటి కట్టుకున్న ఇల్లు. ఆ గుంటల్లో ఒక్కోదానిలో ఒక్కో ప్రాణి ఉంటుంది, దానికి నోరుంది, కడుపుంది. నాయినమ్మకు తెలిసే చేదు ఆ ప్రాణుల ఎండిన మాంసానిది. శనివారం కోడిగుడ్డు పెంకు కనబడితేనే ఇల్లంతా కడిగించే మనిషి, నలభై ఏండ్లుగా శనివారం శనివారం ఏం నాలుకన పెడుతోందో ఎట్లా చెప్పను? చెప్పలేదు. ఒక ఏడు కాదు, ఆరేళ్లు దాచాను.

తర్వాత తమిళనాడు తీరంలో ఒక పరిశోధనా కేంద్రంలో నాకు సీటు వచ్చింది. ఆడపిల్లను అంత దూరం పంపుతారా అని సందంతా గుసగుసలు పోతే, మా నాయినమ్మ, మా పోరి సముద్రం సదవనీకి పోతున్నది, మీ పోరగాండ్లు గండిపేట దాకన్న పోయిన్రా అని వాకిట్లో నిలబడి అందరికీ వినబడేట్టు అడిగింది. అక్కడ చేరిన మొదటి వారంలోనే నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. గాజు సీసాలోంచి తీసి తడిగా పెట్టిన పగడపు ముక్కను చూడమన్నారు. నేను తట్టాను, గీరాను, పాత అలవాటు చొప్పున నాలుకకు తాకించాను. అది కుళ్లకుండా మందు నీళ్లలో నానబెట్టిన నమూనా. నాలుక బొబ్బలెక్కి వారం రోజులు మజ్జిగే ఆహారం. తోటివాళ్లు నవ్వి నవ్వి అలసిపోయారు. మా గైడు మాత్రం నవ్వలేదు. ఆయనది కేరళ, అందరం సార్ అనే పిలిచేవాళ్లం. కుర్చీ లాక్కుని నా ముందు కూర్చుని, అసలు ఎందుకు నాకావు అని అడిగాడు. నేను మజ్జిగ తాగుతూ ఇదంతా చెప్పాను.

ఆయన అంత శ్రద్ధగా వినడానికి పెద్ద కారణమే ఉంది. తీరానికి ఎదురుగా ఒక చిన్న దీవి, దాని చుట్టూ పగడపు దిబ్బ. నేను మొదటిసారి కళ్లకు అద్దం కట్టుకుని, సల్వారుతోనే నీళ్లలోకి దిగి చూసింది ఆ దిబ్బనే. ఇంట్లో తెల్లగా, ఎండిపోయి, కుప్పలుగా చూసినవి అక్కడ గోధుమరంగులో, ఊదారంగులో, ఒకదాని చేయి ఒకటి పట్టుకున్నట్టు నిలబడి ఉన్నాయి. కొమ్మల నడుమ చేపపిల్లలు. నీళ్లలోనే ఏడుపొచ్చింది నాకు. ఆ పక్కనే గడ్డపారలతో కొట్టేసిన మొండేలు ఎకరాల కొద్దీ ఉన్నాయి. సున్నపు బట్టీల కోసం కంట్రాక్టరు మనుషులు పడవల్లో తీసుకుపోతున్నారు. అడిగితే, మేము ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన రాయినే ఏరుకుంటున్నాం అనేవాడు కంట్రాక్టరు. నీళ్లడుగున ఫొటో తీసే కెమెరా మాకు లేదు. వానలు వెళ్లాక ఆ దీవి కంట్రాక్టు మళ్లీ ఇస్తారు. ఇచ్చారంటే ఆ మిగిలిన దిబ్బ కూడా రెండేళ్లలో సున్నమైపోతుంది. రుజువు తెండి, ఆపుతాం అన్నారు ఆఫీసర్లు. పడవలో ఉన్న ముక్కే నేను బతికుండగా తెగాను అని చెప్పగలిగితే తప్ప వేరే రుజువు లేదు. మా నాయినమ్మ చెబుతుంది సార్ అన్నాను. ఆఫీసరు నమ్మాలంటే ముందు నేను నమ్మాలి కదా అన్నాడాయన.

అట్లా ఒక శనివారం పొద్దున సార్ మా వసారాలో స్టూలు మీద కూర్చున్నాడు. వెంట నలభై పగడపు ముక్కలు, ఒక్కోదానికి దారంతో కట్టిన నంబరు చీటీ. ఏ నంబరుది ఎక్కడ తీశాడో రాసిన జాబితా అంటించిన కవరులో ఆయన చొక్కా జేబులో ఉంది. నాకు కూడా చూపలేదు. రైల్లో ఆయనకు నేను చేసిన మనవి ఒక్కటే: పని పూర్తయ్యే దాకా ఇది ప్రాణి అన్న మాట మా నాయినమ్మ ముందు ఎత్తకండి, ఎత్తారంటే ఆమె ముట్టదు, మన దీవి పోయినట్టే. మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ తలూపాడు. అమ్మ ఉన్నంతలో కొత్త దుప్పటి పరిచింది. బాపు డిపోకు పోకుండా ధైర్యం చేసి ఇంట్లోనే ఉన్నాడు. నాయినమ్మ నోరు పుక్కిలించి, చాట ముందు పెట్టుకుని, ఈ సాబ్‌కు వేరే పని లేదా అని నన్నడిగి, మొదలుపెట్టింది.

సార్‌కు పుస్తకాల హిందీ వచ్చు, నాయినమ్మకు బజారు ఉర్దూ వచ్చు. పది ముక్కలయ్యేసరికి ఇద్దరూ మాటల్లో పడ్డారు. ఇరవై అయ్యాయి. ఇరవై రెండోది కుప్పలో వేస్తూ, ఈ చెట్టు ఎంత లోతున మొలుస్తది సాబ్ అని ఆమె అడిగింది. నేను గొంతు సవరించుకున్నాను, దగ్గాను, చాట తన్నాను కూడా. కానీ పాఠం చెప్పి చెప్పి పండిన మనిషి నోరు ప్రశ్న వింటే ఆగుతుందా? ముఖం వెలిగిపోతుండగా, మాజీ, యే పేడ్ నహీ హై, జాన్వర్ హై అన్నాడు. చెట్టు కాదమ్మా, జంతువు అని. అన్నాక నా వైపు చూసి, అయ్యో అన్నట్టు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు.

నాయినమ్మ అప్పుడే చేతిలోకి తీసుకున్న ముక్కను తిరిగి చాటలో పెట్టింది. కొంగుతో పెదాలు తుడుచుకుంది. బాపు గోడ వైపు తిరిగాడు. నా గుండెలు ఎట్లా కొట్టుకున్నాయో ఆ హకీముల భస్మం కూడా ఆపలేకపోయేది. పద్దెనిమిది ముక్కలు మిగిలి ఉన్నాయి. సగం పరీక్ష పరీక్ష కాదని నాకు తెలుసు, సార్‌కు తెలుసు.

“నీకు ఎరికేనా?” అని నన్నడిగింది.

“ఎరికే, నాయినమ్మా.”

“ఎప్పటిసంది?”

“కాలేజీల షరీకైనప్పటిసంది.”

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. చాటలోని ముక్కలు చూపిస్తూ, వీటిలో ఒడ్డున పడ్డది ఎట్లా చచ్చింది, కోసింది ఎట్లా చచ్చింది అని సార్‌ను అడగమంది. ఇక దాచేదేముంది, ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒడ్డుది దాని ఆయుష్షు తీరి చచ్చింది. కోసినది పార దెబ్బ పడ్డప్పుడు ప్రాణంతో ఉంది. హకీములకు వచ్చేది పిడికెడు, బట్టీలకు పోయేది పడవల కొద్దీ. ఈ పరీక్ష నెగ్గితే ఆ దీవి దగ్గర కోత ఆపించవచ్చు, లేకపోతే లేదు. ఆ మాటలన్నీ నేను తెలుగులో తిప్పి చెప్పాను. అంతా విని ఆమె గ్లాసుతో నీళ్లు తెప్పించుకుని మళ్లీ నోరు పుక్కిలించింది.

“నలబై ఏండ్లసంది ఒక్కపొద్దుండి జీవాన్ని నాకిన. ఎరికలేక జేసిన, దేవుడు సూసుకుంటడు. ఇప్పుడు ఎరికయింది, ఇగ ముడితే తప్పే. గని ఈ పద్దెనిమిది ముట్టకుంట లేస్తే ఇంకా పెద్ద తప్పయితది. ఇటు దేవే.”

అని చాట తన వైపు లాక్కుంది. ఆ పద్దెనిమిదీ ఆమె ఎంత నిదానంగా చూసిందో! ఒక్కోదాన్ని నాలుకకు తాకించే ముందు కళ్లు మూసుకునేది. ముందు చేసిన ఇరవై రెండు కూడా ఎందుకో మళ్లీ దగ్గరికి తీసుకుని, రెండు కుప్పల్లోంచి నాలుగు ముక్కలు ఏరి విడిగా పెట్టింది. అదేమిటని అడిగితే, ఇవి రెంట్లకూ రావు, కోసేటాల్లకే సగం సచ్చి ఉన్నయి, ఒక దిక్కు చేదుంది, ఒక దిక్కు లేదు అంది. రెండే రకాలని సార్ చెప్పాడు, మూడో కుప్ప ఎక్కడి నుంచి వచ్చింది?

సార్ కవరు చింపాడు. నంబర్లు చదువుతుంటే నేను కుప్పల్లో చూస్తూ పోయాను. ముప్పయ్యారింటికి ముప్పయ్యారూ సరిపోయాయి. ఆ నాలుగు నంబర్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన చదవడం ఆపేసి, కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆ నాలుగూ బురద కప్పి ఒక పక్క చచ్చిపోతున్న పగడం నుంచి తీసినవి. ఏమంటుందో చూద్దామని ఎవరికీ చెప్పకుండా కలిపాడట. లేచి నిలబడి మలయాళంలో ఏదో అన్నాడు, మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు, అయినా అందరికీ అర్థమైంది. బాపు గోడ వైపు నుంచి ఇటు తిరిగి, పాసయిందా అని నన్నడిగాడు. ఫస్టు క్లాసు అన్నాను. అమ్మ జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు వడ్డిస్తే సార్ ఎన్ని తిన్నాడో ఆయనకే లెక్క తెలియదు. నాయినమ్మ మాత్రం నల్లా కింద తలస్నానం చేసి, దీపం పెట్టి, దేవుడి ముందే కూర్చుంది. పడుకునే ముందు, చెప్తే బాగుండేది బిడ్డా అని ఒక్కమాట అంది. ఆ మాట నాకింకా చెవుల్లో ఉంది.

తర్వాతి సంచి వచ్చినప్పుడు ఆమె రిక్షా ఎక్కి స్వయంగా బేగంబజార్ పోయింది, వెంట నేనున్నాను. కోసిన మాల్ నా ఇంటికి పంపకు సేటు, ఒడ్డుది అయితేనే మంచీ చెడూ చూస్తా అంది. సేటు నవ్వాడు, బుజ్జగించాడు, కోపం చేశాడు. ఈమె గద్దె మీద నుంచి లేవలేదు. ఆయన వేరేవాళ్లను పెట్టుకుని చూశాడు గానీ, పనికిరాని ముక్కలని హకీములు సంచులకు సంచులు తిప్పి కొట్టారు. కలిసిపోయిన సరుకు కన్నా మల్లవ్వ చూసి ఇచ్చిన ఒడ్డుదే నయమని హకీములే అన్నాక, మూడు నెలలకు ఒడ్డు మాల్ తప్ప దుకాణంలో పెట్టనని ఆయనే మనిషితో కబురు పంపాడు. మా నాయినమ్మ తంబాకు నములుతూ, గిప్పుడు అక్కలొచ్చిందా, గిప్పుడు బుద్ధొచ్చిందా అంది.

అయితే ఇక నాలుకకు తాకించనని నాయినమ్మ ఒట్టు పెట్టుకున్నాక మా పద్ధతి సగం కుంటుపడింది. ఆఫీసర్ల ముందు నాకడం ఎట్లాగూ కుదరదు. సెలవు పెట్టి ఆ వానకాలమంతా నేను వసారాలోనే ఉన్నాను. ఉత్త గోటితో, చెవితో చేస్తే నాయినమ్మ కూడా తప్పింది. తప్పినప్పుడల్లా రోటిని తిట్టేది. దారి చూపించింది మా అమ్మ. ఒకరోజు గోనెసంచులు ఉతకడానికి మరిగే నీళ్లు పోస్తుంటే, అడుగున మిగిలిన ముక్కల్లో కొన్నింటి నుంచే నీసు వాసన లేస్తున్నదని మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాయినమ్మ గభాలున వచ్చి వంగి పీల్చి, ఇదేనే ఆ చేదు అంది. అంతే, నాలుక చేసే పని ముక్కు చేయడం మొదలుపెట్టింది. అనుమానం వచ్చినవాటిని బాపు డిపో నుంచి తెచ్చిన రంపంతో కోసి చూస్తే, ఒడ్డువాటి లోపల పురుగులు తొలిచిన గూళ్లు కనబడ్డాయి. ఇంటిల్లిపాదీ శాస్త్రజ్ఞులమైపోయాం. ముందు ఇంట్లో, తర్వాత కేంద్రంలో, వందలసార్లు చేసి చూశాను. చివరికి ఆ పద్ధతి తప్పడం మానేసింది.

వానలు వెళ్లాక కలెక్టరు ఎదుట కూర్చున్నాం. దీవి మీద ఎండబెట్టి తెచ్చి, కంట్రాక్టరు పడవలోంచి ఆ పొద్దునే దింపిన సరుకులో కలెక్టరే మూడు గంపలు ఏరించాడు. నేను చీర కొంగు దోపుకుని నేల మీద కూర్చున్నాను. తట్టాను, గీరాను, వేడినీళ్లు పోసి పీల్చాను, కోసి చూపించాను. ఒడ్డు కుప్ప చిన్నది. కోసిన కుప్ప నా మోకాళ్ల ఎత్తు లేచింది. ఇది ఆడవాళ్ల వంటింటి విద్య అని కంట్రాక్టరు నవ్వబోయాడు. కలెక్టరు అతని పడవ సరంగునే పిలిచి, నువ్వు చెప్పు, ఈ అమ్మ చేసిన కుప్పలు నిజమేనా అని అడిగాడు. ఆ ముసలాయన రెండు కుప్పలూ కాలితో కదిపి చూశాడు. యజమాని వైపు చూడకుండా, నేను నా చేత్తో కొట్టినవన్నీ ఈ పెద్ద కుప్పలోనే ఉన్నాయి దొరా అన్నాడు. ఆ దీవి కంట్రాక్టు ఆ ఏడు ఇవ్వలేదు. ఆ తర్వాతా ఇవ్వలేదు.

ఇప్పుడు నీళ్ల కింద తీసే కెమెరాలున్నాయి, కాపాడే చట్టాలున్నాయి, నా శిష్యులు చేపల్లా ఈదుతున్నారు. మా రోజుల్లో ఒక అద్దం ముగ్గురం పంచుకునేవాళ్లం. అప్పుడు పారలతో లొల్లి, ఇప్పుడు సముద్రమే వేడెక్కి పగడాలు తెల్లబడిపోతున్నాయి. ఆ కొట్లాట ఈ పిల్లలది, వాళ్లు నాకంటే గట్టిగా చేస్తున్నారు. మా వసారా ఉన్న చోట మూడంతస్తుల ఇల్లు లేచింది. అన్నీ మారాయని బాధపడే రకం కాదు నేను. మేము గెలిచాం. లాల్‌దర్వాజా సందులో, సముద్రం మొహం చూడని మనుషులం, ఒక దీవిని గెలిచాం.

ఆ తీర్పు వార్త పట్టుకుని నేను ఇంటికి వచ్చిన రోజు నాయినమ్మ మంచం మీద ఉంది, జ్వరం. వాళ్ల కోత ఆగిపోయిందని చెప్పాను. ఆమె సంతోషపడుతుందనుకున్నాను, ఇంకా మిగిలిన పని గురించి అడిగింది. కొట్టేసిన మొండేలు మళ్ల పెరుగుతయా అంది. పెరుగుతాయి గానీ మస్తు ఏండ్లు పడుతుందన్నాను. “అయితె నేను సూడ. నువ్వు సూసి చెప్పు,” అంది. పోయిన చలికాలం ఇద్దరు పిల్లలు చెరో రెక్క పట్టుకుంటే, డెబ్బై దాటిన నేను ఆ దీవి దగ్గర నీళ్లలోకి దిగాను. మొండేలున్న మేర పొడుగునా కొమ్మలు లేచి ఉన్నాయి, నా నడుమెత్తు, నడుమ చేపపిల్లలు. తల పైకెత్తి, పక్కనున్నవాళ్లు బెదిరిపోయేట్టు, పెరిగినయే నాయినమ్మా, అన్నీ పెరిగినయి అని గట్టిగా చెప్పాను.